కాలువ కట్టేశాక కుళాయి నీళ్లు: బార్లీ మాల్ట్ పానీయంలో డెట్టాల్ వాసన కేసు

నేపథ్యం

మా ల్యాబుకు వచ్చే నీళ్లు చాలావరకు రొయ్యల చెరువులవే. ఆల్కలినిటీ (పులుపును విరిచే గుణం), హార్డ్‌నెస్, అమోనియా, పీహెచ్ చూసి సున్నం ఎంత వేయాలో, మినరల్స్ ఎంత చల్లాలో చెప్పడం మా రోజువారీ పని. ఈ కేసు దానికి కాస్త పక్కది. వాడిన కిట్లు మాత్రం అవే. బీరు ఇంట్లో కాచుకోవడానికి చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్న మనవాళ్లకూ, ఇక్కడే మాల్ట్‌తో పానీయాలు చేసేవాళ్లకూ పనికొస్తుందని, ఆ కుర్రాడి అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరి పేరు, మనిషి ఆనవాళ్లు తీసేశాను. పశ్చిమ డెల్టాలో, కాలువ శివారు వైపున్న ఒక పట్టణం అనుకుంటే చాలు.

అతను విదేశంలో ఉద్యోగం చేస్తూ, అక్కడి స్నేహితులతో కలిసి ఇంట్లో బీరు కాయడం నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక ఆ సరదా వదల్లేదు. కానీ మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం నేరం. అందుకని ఆల్కహాల్ పుట్టించే ఈస్ట్ వేయడం మానేశాడు. బార్లీ మాల్ట్‌ను (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) 66 డిగ్రీల వేడి నీళ్లలో గంట నానబెట్టి, వడగట్టి, హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) వేసి మరిగించి, చల్లార్చి, నిమ్మరసంతో పులుపు పెంచి, గ్యాసు ఎక్కించి సోడాలా ఇస్తాడు. ఒకసారికి 20 లీటర్లు. చుట్టాలకు, ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లకు. ఆల్కహాల్ లేదన్న మాటేగానీ, హాప్స్ వేసి మరిగించేదాకా ఇది బీరు కాచడమే. ఈస్ట్ వేస్తారా లేదా అన్నదాంతో నీళ్లకు పని లేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈస్ట్ లేని మాల్ట్ రసాన్ని సీసాల్లో పోసి బయట ఉంచడం ప్రమాదం. తియ్యగా, పులుపు తక్కువగా ఉండే రసంలో, గాలి ఆడని సీసాలో బొట్యులిజం కలిగించే బ్యాక్టీరియా పెరగొచ్చు. ఇతను పీహెచ్‌ను 4.2 కిందకి దించి, ఫ్రిజ్‌లోనే పెట్టి, నాలుగైదు రోజుల్లో తాగించేస్తాడు. నేను ఈ కేసు తీసుకోవడానికి ముందు అడిగింది అదే.

నీళ్ల సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. డెల్టా పట్టణాల్లో కుళాయికి వచ్చేది గోదావరి నీరే. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ నుంచి కాలువల్లోకి, కాలువ నుంచి పెద్ద మంచినీళ్ల చెరువుల్లోకి, అక్కడ నుంచి పటిక వేసి తేర్చి, ఫిల్టరు చేసి, క్లోరిన్ కలిపి పైపుల్లోకి. బోరు వేస్తే తీర ప్రాంతంలో చాలాచోట్ల ఉప్పునీరే తగులుతుంది కాబట్టి ఇంకో దారి లేదు. వేసవిలో దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్లీ వదిలేదాకా ఊరంతా చెరువులో నిలవున్న నీళ్లే తాగాలి. ఎండకు నీరు ఆవిరవుతూ ఉంటుంది. అందులోని లవణాలు, ఆల్కలినిటీ పెరుగుతూ ఉంటాయి. నాచు పెరిగి, చచ్చి, కుళ్లి అమోనియా తయారవుతుంది. ఈ కేసంతా ఆ చివరి రెండు వాక్యాల్లోనే ఉంది.

వచ్చిన సమస్య

సంక్రాంతి నుంచి మార్చి దాకా చేసిన ప్రతిసారీ బాగానే వచ్చింది. మే నెలలో చేసింది నోట్లో పెట్టుకుంటే మందుల వాసన. "ఆస్పత్రిలో నేల తుడిచిన నీళ్లలా ఉందిరా" అందట వాళ్లమ్మ. ఆవిడ వర్ణన ఎంత కచ్చితమో తర్వాత తెలిసింది. డెట్టాల్‌లో ఉండే క్లోరోజైలెనాల్ క్లోరిన్ చేరిన ఫీనాల్ జాతి పదార్థం. మాల్ట్ పొట్టులోనూ, హాప్స్‌లోనూ సహజంగా ఫీనాల్స్ ఉంటాయి. నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉంటే రెండూ కలిసి క్లోరోఫీనాల్స్ అవుతాయి. లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉన్నా నాలుక పట్టేస్తుంది. ఒకసారి తయారయ్యాక మరిగించినా, మూత తీసి ఉంచినా పోవు. ఈస్ట్ వేసే బీరులో అయితే ఈస్ట్ కూడా కొన్ని ఫీనాల్స్ పుట్టిస్తుంది కాబట్టి వాసన ఇంకా గట్టిగా రావచ్చు.

కుర్రాడికి ఈ సంగతి తెలుసు. అందుకే అతనికి టెన్షన్. "క్లోరిన్ పోవడానికి చెయ్యాల్సిందంతా చేశానండీ, అయినా పోవట్లేదు" అని వచ్చాడు.

అతను చేసిన ప్రయత్నాలు

మొదటిది, ముందురోజు రాత్రి డ్రమ్ములో నీళ్లు పట్టి మూత తీసి వదిలేయడం. చలికాలంలో పనిచేసిన పద్ధతి అదే. రెండోది, నీళ్లను పది నిమిషాలు మరిగించి చల్లార్చి వాడటం. వాసన కొంచెం తగ్గింది, పోలేదు. మూడోది, వంటింటి కుళాయికి తగిలించే చిన్న కార్బన్ ఫిల్టరు. ఎప్పటిలాగే ధారగా తిప్పి పట్టాడు. తేడా లేదు.

నాలుగోది టిన్ను నీళ్లు. ఇరవై లీటర్ల ఆర్వో టిన్ను తెచ్చి, మిగతాదంతా ఎప్పట్లాగే చేశాడు. డెట్టాల్ వాసన పూర్తిగా పోయింది. కానీ పానీయం చప్పగా, నీళ్లు పోసినట్టుగా ఉందన్నాడు. అతని దృష్టిలో అది ఇంకో ఓటమి. నాకు మాత్రం అతను తెచ్చిన సమాచారంలో అన్నిటికంటే విలువైనది అదే.

కారణం చెబుతాను. మందుల వాసనకు నీళ్లొక్కటే కారణం కానక్కరలేదు. డ్రమ్మును బ్లీచింగ్ నీళ్లతో కడిగి సరిగా తొలపకపోయినా వస్తుంది. కొత్త పీవీసీ పైపు నుంచీ రావచ్చు. ఈస్ట్ వేసే బీరులోనైతే గాలిలోంచి పడ్డ అడవి ఈస్ట్ వల్లా వస్తుంది. టిన్ను నీళ్లతో చేసినప్పుడు అదే డ్రమ్ము, అదే పైపు, అదే మాల్ట్ మూట. వాసన రాలేదంటే సామాను తప్పు కాదు. కుళాయి నీళ్లలోనే ఏదో ఉంది, అది మరిగించినా పోనిది.

పరీక్ష

చెరువుల వాళ్లకు ఓటీవో చుక్కల మందు తెలిసే ఉంటుంది. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. కుర్రాడి దగ్గరా అదే ఉంది. చుక్కలు వేసి, వెంటనే చూసి, లేత రంగు కనబడితే "పెద్దగా లేదులే" అనుకుంటున్నాడు. మేము గాజు గొట్టంలో పదిన్నరకు చుక్కలు వేసి బల్ల మీదే ఉంచాం. మొదటి పది సెకన్లలో రంగు ఉందా లేదా అన్నట్టుంది. ఐదు నిమిషాలకు గడ్డి పసుపు. అదే గొట్టాన్ని తెల్ల కాగితం ముందు పెట్టి చూస్తే తేడా ఎవరికైనా కనబడుతుంది.

ఇలా రంగు ఆలస్యంగా ముదిరితే అమోనియాతో కలిసిన క్లోరిన్ ఉందేమోనని అనుమానించాలి. కలవని క్లోరిన్ ఓటీవోతో వెంటనే రంగిస్తుంది. అమోనియాతో కలిసి క్లోరమైన్ అయినది మెల్లగా ఇస్తుంది. ఖాయం చేసుకోవడానికి డీపీడీ బిళ్లలతో చూశాం. ఒకటో నంబరు బిళ్ల కలవని క్లోరిన్ ఒక్కదాన్నే చూపిస్తుంది. దానికి మూడో నంబరు కలిపితే మొత్తం చూపిస్తుంది. మొదటిది లీటరుకు 0.2 మి.గ్రా. దగ్గర ఆగింది. మొత్తం 1.5 దాటింది. మిగిలినదంతా క్లోరమైన్.

ఇందులో నీళ్లు సరఫరా చేసేవాళ్ల తప్పేమీ లేదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో క్లోరమైన్లకు లీటరుకు 4 మి.గ్రా. దాకా అనుమతి ఉంది. తాగడానికి ఇవి మంచినీళ్లే. నిలవ చెరువులో అమోనియా పెరిగినప్పుడు వేసిన క్లోరిన్ ముందు దాన్నే పట్టుకుంటుంది. ఒక మి.గ్రా. అమోనియా నైట్రోజన్‌ను పూర్తిగా వదిలించాలంటే దాదాపు 8 మి.గ్రా. క్లోరిన్ కావాలి. అంతకంటే తక్కువ పడితే మిగిలేది క్లోరమైనే. హేచరీల్లో నీళ్లకు బ్లీచింగ్ కొట్టేవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు.

ఇప్పుడు అతని ప్రయత్నాలు ఎందుకు తప్పాయో ఒక్కొక్కటిగా అర్థమవుతుంది. కలవని క్లోరిన్ మరుగుతున్న నీళ్లలో నిమిషాల్లో పోతుంది, రాత్రంతా మూత తీసి ఉంచినా చాలావరకు పోతుంది. చలికాలంలో ఉన్నది అదే. క్లోరమైన్ అలా ఎగిరిపోదు. మరిగే నీళ్లలో కూడా సగం తగ్గడానికే అరగంట దాకా పట్టొచ్చు. పది నిమిషాలకు కొంచెం తగ్గిందంటే లెక్క సరిగ్గా సరిపోయింది. కార్బన్ దాన్ని విడగొట్టగలదు గానీ నీరు కార్బన్‌తో చాలాసేపు కలిసుండాలి. చిన్న ఫిల్టర్లో ధారగా పోయే నీళ్లకు ఆ వ్యవధి లేదు.

ఏ మందు, ఎంత

మా దగ్గర క్లోరిన్ విరగ్గొట్టడానికి అందరూ వాడేది హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. కుర్రాడు కూడా ఆక్వా షాపు నుంచి పావు కిలో పొట్లం తెచ్చుకున్నాడు. వద్దన్నాను. చెరువుకు అమ్మే సరుకు ఆహారానికి పనికొచ్చే గ్రేడు కాదు, అందులో ఇంకేం కలిసున్నాయో ఎవరూ చూడరు. పైగా పులుపు తగిలితే హైపో విరిగి గంధకం వదులుతుంది. ఇతను చివర్లో నిమ్మరసం పోస్తాడు.

మిగిలినవి రెండు. విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం. లేదా పొటాషియం మెటాబైసల్ఫైట్, స్క్వాష్‌లు నిలవ పెట్టేవాళ్లు కేఎంఎస్ అంటారు. బీరు కాచేవాళ్లు క్యాంప్‌డెన్ బిళ్లల పేరుతో వాడేవి ఈ జాతివే. రెండూ క్లోరమైన్ మీద పనిచేస్తాయి. కేఎంఎస్ వైపు మొగ్గడానికి కారణం, తక్కువ సరిపోతుంది, కాస్త ఎక్కువ పడినా రుచి మారదు, ఫుడ్ గ్రేడ్ సరుకు బజార్లో దొరుకుతుంది. ఒక అభ్యంతరం ఉంది. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్లు పడవు. అతని ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగాను, లేదన్నాడు. ఉంటే విటమిన్ సి వైపే వెళ్లేవాణ్ణి.

మోతాదు లెక్క ఇది. ఒక మి.గ్రా. క్లోరిన్‌కు కేఎంఎస్ సుమారు 1.6 మి.గ్రా. కావాలి. 20 లీటర్లలో లీటరుకు 2 మి.గ్రా. ఉందనుకున్నా మొత్తం 40, దానికి 64 మి.గ్రా. చాలు. పాత సరుకు బలం తగ్గుతుంది కాబట్టి రెట్టింపుకు పైగా, 150 మి.గ్రా. అనుకున్నాం. అంత తక్కువ తూచే కాటా ఇళ్లలో ఉండదు. అందుకే ఒక గ్రాము కేఎంఎస్‌ను 100 మి.లీ. నీళ్లలో కరిగించి, అందులోంచి సిరంజితో 15 మి.లీ. డ్రమ్ములో పోసి గరిటెతో కలపమన్నాను. ఆ ద్రావణం ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే, నిలవుంటే బలం పోతుంది. ఐదు నిమిషాల తర్వాత అదే డ్రమ్ము నీళ్లకు డీపీడీ రెండు బిళ్లలూ వేశాం. రంగు రాలేదు.

అయినా పూర్తి బ్యాచ్ కాయనివ్వలేదు. మాల్ట్ ఖరీదైనది, ఇరవై లీటర్లు పారబోయడం ఎవరికైనా బాధే. నాలుగు స్టీలు గిన్నెల్లో లీటరు చొప్పున, వంద గ్రాముల మాల్ట్‌తో పెట్టాం: మామూలు కుళాయి నీళ్లు, పది నిమిషాలు మరిగించినవి, కేఎంఎస్ వేసినవి, టిన్ను నీళ్లు. వడగట్టి, చల్లారాక గ్లాసుల అడుగున నంబర్లు అంటించి, ఏది ఏదో తెలియకుండా వాళ్లమ్మకు, అతనికి ఇచ్చాం. ఆవిడ మొదటి రెండిటినీ వాసన చూసే పక్కన పెట్టేసింది. మిగతా రెండిట్లో మందు వాసన లేదు.

అయితే మూడో గ్లాసు తాగి ఆవిడ ఇంకో మాటంది. "ఇది బానే ఉంది గానీ వగరు నాయనా, టీ పొడి ఎక్కువ మరిగినట్టు."

దాక్కున్న రెండో సమస్య

డెట్టాల్ వాసన ఉన్నన్నాళ్లూ ఈ వగరు ఎవరి నోటికీ తగల్లేదు. ఇక్కడ మళ్లీ మా చెరువుల కిట్టే అక్కరకొచ్చింది. ఆల్కలినిటీ 190, కాల్షియం హార్డ్‌నెస్ 90, మెగ్నీషియం హార్డ్‌నెస్ 60, అన్నీ లీటరుకు మి.గ్రా.లలో, కాల్షియం కార్బొనేట్ లెక్కన. చలికాలంలో అతను ఎందుకో ఒకసారి పరీక్ష చేయించుకున్న కాగితం ఉంది. అందులో ఆల్కలినిటీ 110.

మాల్ట్ నానే నీళ్ల పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉంటే రసం శుభ్రంగా దిగుతుంది. అంతకంటే పైకి పోతే పొట్టులోంచి వగరు దిగుతుంది, ముఖ్యంగా చివర్లో వేడి నీళ్లతో మాల్ట్‌ను కడిగేటప్పుడు. పీహెచ్‌ను పైకి లాగేది ఆల్కలినిటీ. మాల్ట్‌లోని ఫాస్ఫేట్లతో కలిసి దాన్ని కిందకి లాగేవి కాల్షియం, కొంతమేర మెగ్నీషియం. జర్మనీలో బీరు తయారీ శాస్త్రవేత్త కోల్‌బాఖ్ ఇచ్చిన లెక్క ప్రకారం ఆల్కలినిటీలోంచి కాల్షియం హార్డ్‌నెస్‌లో మూడున్నరో వంతు, మెగ్నీషియం హార్డ్‌నెస్‌లో ఏడో వంతు తీసేస్తే మిగిలేదే మనల్ని బాధపెట్టే ఆల్కలినిటీ. ఇక్కడ అది 155 దగ్గర తేలింది. లేత రంగు మాల్ట్‌కు ఇది చాలా ఎక్కువ. మాడ్చిన నల్ల మాల్ట్ వేసేవాళ్లయితే ఆ మాల్ట్ పులుపే కొంత సర్దుకునేది.

ఇంకో చిక్కు ఈ కేసుకే ప్రత్యేకం. మామూలు బీరుకు 20 లీటర్లకు నాలుగున్నర, ఐదు కిలోల మాల్ట్ వేస్తారు. ఇతను తీపి తగ్గించడానికి రెండు కిలోలే వేస్తాడు. మాల్ట్ తక్కువ, నీళ్లు ఎక్కువ. నీళ్ల ఆల్కలినిటీని తట్టుకునే బలం ఆ కాస్త మాల్ట్‌కు లేదు. బీరు కాచేవాళ్ల కోసం ఉన్న ఫోన్ యాప్ లెక్కలు పీహెచ్ 5.6 వస్తుందన్నాయట. నానుతున్న గిన్నెలోంచి గరిటెడు తీసి చల్లార్చి మీటరు ముంచితే 5.9. కడిగిన ఆఖరి నీళ్లది 6 దాటింది.

రసాయనాలు చల్లడం మా వృత్తికి అలవాటు కాబట్టి, కాల్షియం క్లోరైడ్ వేసి పీహెచ్ దించుదామా అని ముందు లెక్క చూశాను. వద్దనిపించింది. శివారు ఊరు, నిలవ నీరు. క్లోరైడ్ అప్పటికే 110 ఉంది. ఇంకా కలిపితే ఉప్పదనం నోటికి తెలుస్తుంది. ఈస్ట్ లేదు కాబట్టి అది అడుగున పేరుకోవడం కోసం కాల్షియం పెంచాల్సిన పనీ లేదు. సగం టిన్ను నీళ్లు కలిపితే ఆల్కలినిటీ సగమవుతుంది, ఆ దారి కూడా మంచిదే. కానీ టిన్ను మీద ఆధారపడకుండా ఉండాలన్నది అతని పట్టుదల.

కాబట్టి ఆమ్లం. ఫుడ్ గ్రేడ్ లాక్టిక్ ఆమ్లం 88 శాతంది, 20 లీటర్ల నీళ్లలో ఆల్కలినిటీని వంద తగ్గించడానికి మూడున్నర మి.లీ. కంటే కాస్త తక్కువ పడుతుంది. 190ని 50కి దించాలి కాబట్టి నాలుగున్నర మి.లీ. చిల్లర. నానబెట్టే నీళ్లకూ కడిగే నీళ్లకూ ముందే కలిపేశాం. ఈసారి నానుతున్నప్పుడు పీహెచ్ 5.4. నిమ్మరసమే పోయొచ్చుగా అని అడిగాడు. పోయొచ్చు, కాయను బట్టి పులుపు మారిపోతుంది, లెక్క నిలవదు. చివర్లో రుచికి పోయడం వేరు.

ఆ బ్యాచ్ బాగా వచ్చింది. వాళ్లమ్మ రెండో గ్లాసు అడిగిందన్నాడు.

కాలువ వదిలాక

జూన్‌లో కాలువ వదిలారు, ఆ తర్వాత గోదావరికి ఎర్రనీరు వచ్చింది. మళ్లీ నీళ్లు పట్టుకొచ్చాడు. చుక్క వేసీ వేయగానే పసుపు, ఐదు నిమిషాలకూ అదే పసుపు. అంటే కలవని క్లోరిన్. ఆల్కలినిటీ 120కి దిగింది. కేఎంఎస్ మోతాదు మార్చలేదు, ఏ రకం క్లోరిన్‌కైనా అదే పనిచేస్తుంది, కాస్త మిగిలినా నష్టం లేదు. లాక్టిక్ ఆమ్లం మాత్రం సగానికి తగ్గించాం. మే లెక్కే పోసి ఉంటే పీహెచ్ 5 దగ్గరకు దిగి, రసం సరిగా దిగేది కాదు.

ప్రస్తుతం అతను పాటిస్తున్నది ఇది. కాచే రోజు పొద్దున ఓటీవో చుక్కలు, గడియారం చూసి ఐదు నిమిషాలు ఆగడం. ఆల్కలినిటీకి చెరువుల వాళ్లు వాడే చుక్కల కిట్టు. వేసవిలో క్లోరైడ్‌కు ఒకసారి మా దగ్గరికి రావడం. అది 250 దాటితే పట్టుదల పక్కన పెట్టి సగం టిన్ను నీళ్లు కలపమని చెప్పాను, ఆమ్లంతో ఉప్పు పోదు కదా.

తేలనిది ఒకటుంది. మే ఆఖరున, చెరువు బాగా దిగిపోయినప్పుడు కుళాయి నీళ్లకు మట్టి వాసన వస్తుంది. చేపలు పెంచేవాళ్లకు ఈ వాసన తెలుసు, నీలి ఆకుపచ్చ నాచు వదిలే జియోస్మిన్ దానికి ముఖ్య కారణం. కేఎంఎస్ దాన్ని ఏమీ చేయలేదు, మరిగించడం వల్ల పూర్తిగా పోదు. కార్బన్ పట్టుకుంటుంది, నీళ్లను సన్నటి ధారగా, దాదాపు చుక్కచుక్కగా పోనిస్తేనే. ఇరవై లీటర్లకు ఒక పూటంతా పట్టింది, అయినా చల్లారిన రసంలో లీలగా తెలిసింది. పెద్ద కార్బన్ సిలిండరు పెడదామా అన్నాడు. ఏడాదికి రెండు మూడు వారాల కోసం ఆ ఖర్చు దండగన్నాను. ఆ రోజుల్లో కాయడం మానేసి, కాలువ వదిలాక మళ్లీ మొదలుపెడుతున్నాడు.